కుడి కణత

ఆసుపత్రిలో బాగా తెలివి వచ్చాక అతను భార్యతో అన్న మొదటి మాట ఇది.

“అత్తయ్యగారూ, మీకెందుకండీ ఈ శ్రమ? అమ్మాయిని పంపిస్తే సరిపోయేదిగా.”

ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. వాళ్లమ్మ పోయి పదేళ్లు దాటింది. ముఖం తల్లి పోలికేనని అందరూ ఎప్పుడూ అనేవారు. జుట్టు నెరిశాక ఆ కాస్త తేడా కూడా పోయింది.

“నేను,” అంది. “చిక్కుని.”

చిక్కు అతను పెట్టిన పేరే. పెళ్లికి ముందునుంచీ ఆమె నాటకాలవాళ్లకి విగ్గులు కట్టే దుకాణంలో పనిచేస్తోంది. అక్కడ చేరినవాళ్లకి మొదట అప్పగించే పని వెంట్రుకల చిక్కు తీయడం. ఆ పేరు వినగానే అతను మొహమాటంగా నవ్వాడు. అత్తగారు తనతో పరాచికాలాడుతోందనుకున్నాడు.

“భలేవారే,” అన్నాడు.

అతను గోడలకి రంగులు వేసేవాడు. పరంజా మీంచి పడ్డాడు. తల గొరిగి ఆపరేషన్ చేశారు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది. ఇది ఏ సంవత్సరమని డాక్టరు అడిగితే పద్దెనిమిదేళ్ల కిందటి సంవత్సరం చెప్పాడు.

“పాతవి నిలుస్తాయి, కొత్తవి పోతాయి,” అన్నాడు డాక్టరు. “కొంత వెనక్కి రావచ్చు. వస్తే పాతవైపునుంచి మొదలై ఇటు వస్తుంది. రాకపోవచ్చు కూడా. తొందరపెట్టకండి.”

చెల్లెలిని మాత్రం అతను చూడగానే పోల్చుకున్నాడు. ఆమె జుట్టుకి రంగు వేసుకుంటుంది. మంచం పక్కన కూర్చోగానే ఆమె చేయి పట్టుకుని, “పిచ్చుక బడికెళ్లిందా? నేను పడ్డానని దానికి చెప్పకండి, బెంబేలెత్తిపోతుంది,” అన్నాడు.

వదినా ఆడపడుచూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిచ్చుక అతని కూతురు. అతను చెప్పిన ఆ సంవత్సరం, వానాకాలంలో, జ్వరం వచ్చి చనిపోయింది. అప్పటికి దానికి ఏడేళ్లు.

బయట వరండాలోకి వచ్చాక ఆడపడుచు అంది: “నేను వాడే రంగు ఇస్తాను వదినా, పూసుకో. నిన్ను అత్తయ్యగారూ అంటుంటే వినలేకపోతున్నాను.”

“నాకు పడదు. ముందోసారి వేసుకుంటే నెత్తంతా దద్దుర్లొచ్చాయి.”

“మరెలా?”

“విగ్గులు కట్టేదానికి రంగెందుకు?”

దుకాణం యజమానురాలిని అందరూ పెద్దమ్మ అంటారు. ఎనభైకి దగ్గరపడింది. ఇప్పటికీ పొద్దున్నే వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. విషయం విని చేతిలో దువ్వెన కింద పెట్టింది.

“ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల వేషాలకి కట్టావు. ఇప్పుడు మొగుడికి కనపడటానికి నీకే వేషం కావాల్సొచ్చింది.”

“నవ్వకు పెద్దమ్మా.”

“నవ్వుతున్నానా? తల వంచు.”

విగ్గు సరిగ్గా కూర్చోవాలంటే కింద జుట్టు పొట్టిగా ఉండాలి. పెద్దమ్మ ఆమె జడ విప్పి చెవుల దాకా కత్తిరించింది. కత్తిరించినదాన్ని కుదుళ్లన్నీ ఒకవైపు ఉండేలా సర్ది, దారంతో కట్టి, కాగితంలో చుట్టి బీరువాలో పెట్టింది. ఆ దుకాణంలో వెంట్రుకలు పారేయరు. తెల్లవైతే అసలే పారేయరు. అవి దొరకడం కష్టం.

చెక్కతల మీద వల బిగించి, కొక్కెం ఉన్న సూదితో ఒక్కొక్క వెంట్రుకనీ వలకి ముడివేయడం ఆమె పని. మామూలుగా ఒక విగ్గుకి నెల పడుతుంది. ఆమె అప్పటికే ఒక నాటకం కోసం కట్టిన నల్లవిగ్గును తీసుకుని, నుదుటి దగ్గర వరస విప్పి, తన ముప్పయ్యో ఏటి ఫొటో చూసి తిరిగి కట్టింది. పాపిట మధ్యకి. జడ వెనక్కి.

అది పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లిన రోజున అతను మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. తలెత్తి చూశాడు.

“ఎక్కడ చచ్చావే ఇన్నాళ్లూ? మీ అమ్మని కాపలా పెట్టి చక్కాపోయావు!”

“ఇక్కడే ఉన్నాను.”

“ఆవిడ మంచిదే గానీ నన్ను చూసినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. డాక్టరు నాకు చెప్పనిదేదో ఆవిడకి చెప్పాడేమోనని హడలి చచ్చాను.” ఒక తొన తీసి ఆమెకిచ్చాడు. “చిక్కిపోయావేంటి? ముఖమంతా గీతలు పడ్డాయి. నాకేం కాలేదు, బెంగ పెట్టుకోకు. పిచ్చుక ఏదీ?”

“బడిలో ఉంది.”

ఆ మాట ఆమె వెతుక్కోకుండానే వచ్చింది. ఆ వేళకి పిల్లలెవరైనా బడిలోనే ఉంటారు. అది అబద్ధమని ఆమెకి తొన నమిలి మింగాక తట్టింది.

ఇంటికి తీసుకొచ్చే ముందు ఆడపడుచు వెళ్లి స్నానాలగదిలో అద్దం తీసేసింది. అతని తల మీద వెంట్రుకలు గరుకు కాగితంలా మొలుస్తున్నాయి, మూడొంతులు తెల్లవి. అతను కొళాయి కింద తల పెట్టి తోమేవాడు.

“ఎంత కడిగినా ఈ సున్నం పోదేం?”

గోడలకి రంగులేసేవాడికి తలలో తెలుపంటే సున్నమే. లేదా రంగుకి ముందు గోడకి పట్టే లప్పం గీకినప్పుడు రాలే పొడి. పనిచేసినన్నాళ్లూ సాయంత్రం స్నానం చేస్తే తెలుపు పోయేది. ఇప్పుడు పోవడం లేదు. అయినా అతనికి ఇంకో సంగతి తోచలేదు.

సాయంత్రం నాలుగింటికి, వీధిలో పిల్లలు బడినుంచి వచ్చే చప్పుడు వినగానే, పిచ్చుక గురించి అడిగేవాడు. మేనత్త ఇంట్లో ఉందని ఒకరోజు, స్నేహితురాలి ఇంట్లో ఉందని ఒకరోజు ఆమె చెప్పేది. “సరే, చీకటి పడకముందే రమ్మను,” అనేవాడు. చీకటి పడేలోపు ఆ సంగతి మరిచిపోయేవాడు. ఆ మరుపు ఉన్నంతకాలం అబద్ధాలకి కొదవ లేదు.

“నల్లదే ఉంచేసుకో వదినా,” అంది ఆడపడుచు. వంటింట్లో ఇద్దరూ గిన్నెలు తుడుస్తున్నారు. “మా అన్నయ్యకి కూతురు బతికే ఉంది. పెళ్లాం పడుచుగా ఉంది. ఇంతకంటే ఏం కావాలి ఏ మగాడికైనా?”

“అదృష్టవంతుడే.”

“వెటకారం కాదు. ఆ రోజుల్లో ఆయన్ని నేను చూశాను. గోడకేసి తిరిగి పడుకుని అన్నం మానేసిన మనిషి. ఒకసారి ఏడిచాడు చాలదా? లేని పుండు గీకి మళ్లీ రేపుతావా?”

“లేని పుండేం కాదు.”

“ఆయనకి లేదుగా!”

“నాకుంది. ఇన్నేళ్లూ ఇద్దరికీ ఉండేది. ఇప్పుడు నా ఒక్కదానికే ఉంది.” ఆమె గిన్నె బోర్లించింది. “దాని పేరెత్తితే ఆయన నవ్వుతున్నాడు. పక్కన కూర్చుని నేనూ నవ్వాలి.”

ఆడపడుచు తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది.

నాటకంలో ఒక పాత్ర మొదటి అంకంలో పడుచువాడు, ఆఖరి అంకంలో ముసలివాడు అయితే ఆ దుకాణంలో నాలుగు విగ్గులు కడతారు. ఒకదానికొకటి తేడా ప్రేక్షకుడికి తెలియకూడదు. చివరిదీ మొదటిదీ పక్కపక్కన పెడితేనే తెలియాలి. ఆ పద్ధతే ఆమె ఇంటికి తెచ్చుకుంది. వారానికోసారి విగ్గును దుకాణానికి తీసుకెళ్లి, చెక్కతల మీద పెట్టి, కొన్ని నల్లవెంట్రుకలు లాగేసి, బీరువాలో కాగితం విప్పి తన తెల్లవెంట్రుకలు వాటి చోట ముడివేసేది. అతను కొత్త తెలుపుకి అలవాటుపడ్డాక మళ్లీ కొంచెం. అలా తన వయసు దాకా అతన్ని నడిపించుకు రావాలని ఆమె ఆలోచన.

జుట్టు ఒక్క రాత్రిలో నెరవదు. ఆ మాట నాటకాల్లో చెల్లుతుంది. ఉన్న వెంట్రుక నల్లగానే ఉంటుంది. అది రాలాక అదే కుదురులోంచి వచ్చేది తెల్లగా వస్తుంది, నెలకి అరంగుళం చొప్పున పెరుగుతుంది. చుట్టూ ఉన్న నల్లవి దాన్ని చాలాకాలం కప్పిపెడతాయి. అందుకే తన తల ఎప్పుడు నెరవడం మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఎదుటివాళ్లు చూసి చెప్పాలి.

పాపిట వెంట కొన్ని ముడివేసింది. ఎడమ కణత దగ్గర కొన్ని. మెడ మీద, జడ మొదట్లో కొన్ని. అతను గమనించలేదు, లేదా గమనించి ఊరుకున్నాడు. కానీ మనిషిలో మార్పు వచ్చింది. ఒకరోజు అత్తగారు పోయిన సంగతి తనంతట తనే అన్నాడు. “మీ అమ్మ పోయినప్పుడు వర్షం కదూ,” అన్నాడు. ఇంకోరోజు చెల్లెల్ని చూసి, “నువ్వు జుట్టుకి రంగేస్తున్నావు, నాకు తెలియదనుకోకు,” అన్నాడు. ఆమె ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, “నీ కళ్లు మండ! రంగులోడి కంట్లో పడకూడదనే కొంగు కప్పుకుంటున్నా,” అంది.

అది ఆమె పనితనంవల్ల జరిగిందో, మందులవల్లో, కాలంవల్లో చెప్పగలవాళ్లు లేరు. డాక్టరు మాత్రం మంచిదే అన్నాడు.

మరుపు తగ్గడంతో ఒక చిక్కు వచ్చిపడింది. నాలుగింటికి అడిగినది చీకటిపడ్డాక కూడా అతనికి గుర్తుండసాగింది.

“మేనత్త ఇంట్లో లేదే. మా చెల్లి ఇప్పుడే వచ్చి వెళ్లింది, ఒక్కతే వచ్చింది,” అన్నాడు ఒకరోజు. మరొక రోజు వేళ్లు మడిచి లెక్క చూసుకుని, “పిచ్చుక పెద్దదైపోయుండాలే! పెళ్లీడు పిల్లని ఎక్కడ దాచావు?” అన్నాడు.

“చదువుకి వెళ్లింది. హాస్టల్లో ఉంది.”

“ఫోన్ చెయ్యదేం?”

“పరీక్షలు.”

అతను ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. “సరే,” అన్నాడు. కిందటిసారి అన్న సరే లాంటిది కాదు అది.

ఆ వారం పెద్దమ్మ తన బల్ల దగ్గరనుంచి లేచి వచ్చి, చెక్కతలని కుడివైపుకి తిప్పి చూసింది.

“కుడి కణత వదిలేశావేం?”

ఆమె సూదిలో వెంట్రుక సరిచేసుకుంటోంది.

“నీకు మొదట నెరిసింది అక్కడే. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని చూడలేదా నేను? ఎడం పక్కంతా నెరిసి కుడికణత బొగ్గులా ఉంటే ఎవరు నమ్ముతారే? ముసలి వేషానికి మొదట తెలుపు వేసేదే కణతలో.”

“తెలుసు పెద్దమ్మా.”

“తెలిసి వదిలేశావా? పనిలో చేరినప్పుడు కూడా ఇలాంటి తప్పు చెయ్యలేదు నువ్వు.”

“వదిలేశాను.”

పెద్దమ్మ ఆమె ముఖం చూసి చెక్కతలని మళ్లీ మొదటిలాగే తిప్పిపెట్టి వెళ్లిపోయింది. వెళ్తూ, “ఈ చెక్కతలలే నయం. మొహాన ఏమీ రాసుండదు,” అంది.

కుడి కణతలో తెలుపుని మొదట చూసింది అతను. పద్దెనిమిదేళ్ల కిందట, పిచ్చుక పోయిన వానాకాలం దాటి, చలికాలం కూడా సగమైంది. ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. అతను తడిగుడ్డ తెచ్చి కుడి చెవి పైన తుడిచాడు. “సున్నం అంటుకుంది,” అన్నాడు. అప్పటికి అతను పనికి వెళ్లి నెలలైంది. ఇంట్లో సున్నం లేదు. తుడిచినా పోలేదు. పోయిందన్నట్టు గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. ఆమె కూడా పోయిందన్నట్టే ఊరుకుంది. ఆ తర్వాత రెండోరోజు అతను కుంచెలు కడుక్కుని పనికి బయల్దేరాడు. ఆ కణత గురించి వాళ్లిద్దరూ మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ తెలుపు కట్టకుండా ఎన్ని కట్టినా అతను ఆ వానాకాలం పక్కనుంచి దాటిపోతూనే ఉంటాడని ఆమెకి తెలుసు. కడితే ఏమవుతుందో తెలియదు.

ఇంట్లో వెనకవైపు చిన్నగది ఉంది. పిచ్చుక పోయినప్పటినుంచీ అందులో రంగుల డబ్బాలూ నిచ్చెనా పెడుతున్నారు. ఒక మధ్యాహ్నం ఆమె దుకాణంనుంచి వచ్చేసరికి డబ్బాలన్నీ నడవలో వరసగా పేర్చి ఉన్నాయి. అతను గది మధ్యలో నిలబడి ఉన్నాడు. మూడు గోడలకి లేత ఆకుపచ్చ రంగు ఉంది. పాతబడి అక్కడక్కడ పెచ్చులూడింది. నాలుగో గోడకి లప్పం కూడా పూర్తిగా పట్టలేదు.

“ఇది నేను వేసిందేనా?” అన్నాడు.

“నువ్వే. పిచ్చుక ఆ రంగు కావాలంది.”

“గుర్తుంది. పుచ్చకాయ తొక్క లోపలి రంగు కావాలంది. మూడుసార్లు కలిపించింది నాచేత.” అతను నాలుగో గోడని అరచేత్తో నిమిరాడు. “దీన్ని వదిలేశానేం? నేను పని సగంలో వదిలేసే మనిషిని కాదే. కూలీ ఎగ్గొట్టినవాళ్ల గోడ కూడా పూర్తిచేసి వచ్చేవాణ్ని.”

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

“ఏదో అయింది,” అన్నాడు. ఆమెతో కాదు, గోడతో అన్నట్టు అన్నాడు. “ఏదో కాకపోతే వదలను.”

మర్నాటినుంచి ఆ గోడ పని మొదలుపెట్టాడు. డాక్టరు నిచ్చెన ఎక్కొద్దన్నాడని ఆడపడుచు గొడవపడితే, చేతికందినంత మేరే చేస్తానని మాటిచ్చాడు. పాత లప్పం గీకాడు, కొత్తది పట్టాడు. పిచ్చుక సెలవులకి వచ్చేలోపు పూర్తిచెయ్యాలని చెల్లెలితో చెప్పాడు.

ఆడపడుచు ఆ సాయంత్రం వదిన దగ్గరికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

“విన్నావా? సెలవులకి వస్తుందట. ఏం చెప్తావు?”

“చెప్పను. కణతకి కడతాను.”

“ఏం కడతావో నాకు తెలియదు గానీ, ఆయన మళ్లీ గోడకేసి తిరిగి పడుకుంటే నేను చూడలేను వదినా. చెప్తున్నా. అప్పుడు నాకు చిన్నతనం. ఇప్పుడు ఓపిక లేదు.”

“పడుకుంటే నేనూ పక్కన పడుకుంటాను.”

“అదేం జవాబు?”

“అప్పుడు నేను చెయ్యనిది అదే. ఆయన అలా పడుకునుంటే నేను లేచి దుకాణానికి వెళ్లిపోయేదాన్ని. నాటకాలవాళ్లకి జడలు కట్టేదాన్ని.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “నా తలేం ఎండకి నెరవలేదమ్మాయ్. ఎక్కడ నెరిసిందో ఆయన చూశాడు, నేను చూశాను. ఆయనకి గుర్తు లేకపోతే ఇక నాతో చూసినవాళ్లెవరూ ఉండరు.”

ఆడపడుచు రేపు వస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

మర్నాడు దుకాణంలో ఆమె కాగితం విప్పి, పొడవైన వెంట్రుకలు ఏరి, కుడి కణతలో కట్టడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఒకసారి ఆమె కళ్లద్దాలు తుడిచి ఇచ్చింది, అంతే. మధ్యాహ్నానికి పని అయింది. చెవి పైనుంచి వెనక్కి వేలెడు వెడల్పున పాయ వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అతను నాలుగో గోడ గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. గదంతా లప్పం పొడి. కనుబొమల మీద, చెవుల మీద, భుజాల మీద తెలుపు. ఆమె లోపలికి వెళ్లి నిలబడింది.

అతను తిరిగి చూశాడు. చేతిలో కాగితం కింద పెట్టాడు. కిటికీ మీద తడిగుడ్డ ఉంటే తీసుకుని, ఇంకో చేత్తో ఆమె గడ్డం పట్టుకుని, తల కొంచెం ఎడమవైపుకి వంచాడు.

“లోపలికి రాకు అంటే వినవు. పొడి అంటుకుంది,” అని కణత తుడిచాడు.

పోలేదు. గుడ్డ మడత మార్చి మళ్లీ తుడిచాడు. పాయని రెండు వేళ్లతో పట్టుకుని, కుదురునుంచి చివరిదాకా లాగి చూశాడు. అతని చేయి అక్కడే ఆగింది. వీధిలో పిల్లలు బడినుంచి వస్తున్న చప్పుడు వినిపించింది. అతను అటు తల తిప్పలేదు.

“ఇది లప్పం కాదు,” అన్నాడు.

పాయ ఇంకా అతని వేళ్ల మధ్యే ఉంది.

“అప్పుడూ సున్నం కాదు.”

“కాదు,” అంది ఆమె.

“నీకు తెలుసా?”

“అప్పుడే తెలుసు. నువ్వు పనికి వెళ్తేగా సున్నం అంటడానికి.”

అతను గుడ్డని మడిచాడు. మళ్లీ మడిచాడు. ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక కిటికీ మీద పెట్టాడు. గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు, రుద్దిన లప్పం పొడి వీపంతా అంటుతుందని కూడా చూసుకోలేదు. ఆమె పక్కన కూర్చుని విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుంది. కింద ఆమె జుట్టు ఇంచుమించు మెడదాకా పెరిగింది. అతను ఆ జుట్టు చూశాడు, ఒళ్లో ఉన్నది చూశాడు.

“నువ్వే కట్టావా?”

“ఊఁ.”

“కుడిపక్క తెలుపు ఇంకాస్త పడాలి.” విగ్గు మీంచి చూపు తిప్పి, “హాస్టలు లేదు,” అన్నాడు.

“లేదు.”

“ఆ రోజు నాకు గుర్తులేదు. తర్వాతది గుర్తుంది. గుడ్డ గుర్తుంది. ఆ రోజు గుర్తులేదు.” అతని చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. గోళ్ల నిండా తెలుపు. “నేను దాని దగ్గరున్నానా?”

“ఉన్నావు. నీ ఒళ్లోనే ఉంది.”

“చెప్పు.”

“అంతా?”

“అంతా చెప్పు. ఏదీ దాచకు. గోడ దగ్గరనుంచి మొదలుపెట్టు.”

ఆమె మొదలుపెట్టింది. పొద్దున్నే లప్పం పడుతుంటే పిచ్చుక వచ్చి తల నొప్పిగా ఉందని చెప్పడం, అతను చేతులు కడుక్కోకుండానే నుదురు పట్టుకు చూడటం, దాని నుదుటి మీద అతని వేళ్ల గుర్తులు పడటం. అక్కడ ఆమె ఆగింది. పద్దెనిమిదేళ్లలో ఈ మాటలు ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనితో కూడా అనలేదు. అతనూ చూశాడు కాబట్టి చెప్పాల్సిన పని పడలేదు. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె మళ్లీ అందుకుంది.

ఆడపడుచు ఆ సాయంత్రం అన్నయ్యకి భోజనం డబ్బా తీసుకుని వచ్చింది. వీధి తలుపు తీసే ఉంది. నడవలో రంగుల డబ్బాల దాకా వచ్చేసరికి వెనకగదిలోంచి వదిన గొంతు వినిపించింది. మధ్యలో అన్నయ్య ఏదో అడిగాడు, వదిన జవాబు చెప్పింది. తర్వాత ఇద్దరి ఏడుపూ వినిపించింది. ఏది ఎవరిదో తెలియలేదు.

ఆమె గది గుమ్మం దాకా వెళ్లలేదు. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, వీధి మెట్టు మీద డబ్బా పెట్టుకుని కూర్చుంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, “ఏమ్మా, మీ అన్నయ్య లేడా?” అని అడిగింది.

“ఉన్నాడు,” అంది ఆడపడుచు. “లోపల ఇద్దరూ ఉన్నారు.”